చారిత్రక యుద్ధక్రీడలలో అల్పపక్షము: ఫిన్నిష్ సైనికులు, మన్యపు యోధులు

కావ్యమునందుగాని నాటకమునందుగాని యుద్ధము వర్ణింపబడినప్పుడు విమర్శకుడు మొదట పరిశీలించునది నాయక ప్రతినాయకుల స్వరూపము. ఇరువురి బలాబలములను, ధర్మాధర్మములను కవి ఎట్లు చిత్రించెనో చూచి, ఆపై రసవిచారమునకు పూనుకొనుట మన విమర్శకులకు అలవాటైన మార్గము. ఈ ఇరువురిలో ఎవ్వరికిని పూర్తిగా చెందక, ఇరువురి నడుమ నిలిచి, ఒకనాడు ఒకరితోను మరునాడు వేరొకరితోను పోరవలసివచ్చిన మూడవవాని గూర్చి మన విమర్శ విచారించినది తక్కువ. అట్టివాడు కథలో అనుచరుడుగనో, ద్రోహిగనో, జనసమూహముగనో మిగిలిపోవును. అతనికి ఒక పక్షము కలదనియు, ఆ పక్షమునకు వేరొక లక్ష్యము కలదనియు తోచుట అరుదు.

ఈ ప్రశ్న నేడు మిక్కిలి స్పష్టముగ ఎదురగుచున్నది గ్రంథములలో కాదు, చారిత్రక యుద్ధక్రీడలలో. బల్లపై ఆడునవి, కంప్యూటరుపై ఆడునవి అయిన ఈ క్రీడలలో ఆడువాడు ఒక పక్షమును ఎన్నుకొనవలెను. ఏ పక్షములు ఎన్నికకు నోచుకొన్నవి, ఏవి నోచుకొనలేదు అను విషయము పట్టికరూపమున కన్నులయెదుట నుండును. రెండవ ప్రపంచయుద్ధమును చిత్రించు క్రీడలలో ఫిన్నిష్ సైనికులను ప్రత్యేకపక్షముగ చేర్చవలెనా అను వివాదము అట్టిది. దూరదేశపు విషయమని దీనిని విడువరాదని మా అభిప్రాయము. హుకుంపేట, పాడేరు, చింతపల్లి ప్రాంతముల మన్యప్రజలకు మన చారిత్రక వాఙ్మయమున ఏ స్థానమిచ్చితిమి అను ప్రశ్నయు ఇదియు ఒకే జాతివి. మొదటిదాని సాయమున రెండవదానిని విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

క్రీడ సాహిత్యవిమర్శకు విషయమగునా యని కొందరు శంకింపవచ్చును. యుద్ధక్రీడ పుట్టుక వినోదమునకు కాదు. ప్రష్యాదేశపు సైనికాధికారి రైస్‌విట్జ్ 1824లో సేనానుల శిక్షణకై దీనికి ఒక శాస్త్రీయరూపము కల్పించెను. ఆంగ్ల నవలాకారుడు హెచ్. జి. వెల్స్ 1913లో బొమ్మసైనికులతో ఆడు క్రీడకు నియమములు వ్రాసి గ్రంథముగ ప్రకటించెను. అమెరికాలో ఛార్లెస్ రాబర్ట్స్ 1954లో ప్రకటించిన బల్లక్రీడలో రెండు కల్పితరాజ్యములు మాత్రమే ఉండెను. 1958లో గెటిస్‌బర్గ్ సంగ్రామము క్రీడగ వెలువడుటతో నిజమైన చరిత్ర బల్లమీదికి వచ్చెను. కల్పితరాజ్యములను ఎట్లు కల్పించినను అడుగువారుండరు. నిజమైన చరిత్ర వచ్చిన పిమ్మట ఎవరిని చేర్చితివి, ఎవరిని విడిచితివి, చేర్చినవారికి ఏ గుణములనిచ్చితివి అని అడుగు హక్కు చదువరికివలెనే ఆడువానికిని కలుగును. ఇతివృత్తనిర్మాణము, పాత్రకల్పన, ఔచిత్యము అను మూడు విషయములును ఇచట కలవు. కనుక విమర్శకు ఇది తగిన విషయమే.

ఇక ఫిన్లండు సంగతి. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఆ దేశముపై దాడి వెడలెను. అప్పటి ఫిన్లండు జనసంఖ్య సుమారు 37 లక్షలు. 105 దినములు సాగిన ఆ శీతకాలయుద్ధము 1940 మార్చి 13న ముగిసెను. ఫిన్లండు తన భూమిలో ఇంచుమించు పదియవవంతు కోల్పోయెను; నాలుగు లక్షలకు పైబడిన కారేలియా ప్రజలు ఇండ్లు విడిచి తరలిపోయిరి. 1941 జూన్‌లో అదే దేశము జర్మనీతో కలిసి సోవియట్ రాజ్యముపై యుద్ధమునకు దిగెను. జర్మనీ, ఇటలీ, జపానుల త్రైపాక్షిక సంధిపై అది సంతకము చేయలేదు. తనది ప్రత్యేకయుద్ధమని వాదించెను. అయినను దాని సేనలు పాతసరిహద్దు దాటి తూర్పు కారేలియాను ఆక్రమించినవి. అచటి రష్యను పౌరులను శిబిరములలో నిర్బంధించినవి. ఆ శిబిరములలో వేలమంది మరణించిరి. 1944 సెప్టెంబరులో సోవియట్‌తో సంధి కుదిరిన పిమ్మట, ఆ సంధినియమము ననుసరించి, నిన్నటి మిత్రులైన జర్మనులను తన ఉత్తరభూముల నుండి వెడలగొట్టుటకు ఫిన్లండు యుద్ధము చేసెను. ఆ లాప్లండు యుద్ధము 1945 ఏప్రిలు వరకు సాగెను. వెనుదీయుచు జర్మనులు రోవనియేమి పట్టణమును తగులబెట్టిరి.

ఆరు సంవత్సరములలో మూడు యుద్ధములు, శత్రుమిత్రులు తారుమారు. ఇట్టి పక్షమును రెండు రంగుల బల్లపై ఏ రంగున నిలుపవలెను? జర్మనుల రంగున నిలిపినచో శీతకాలయుద్ధమును, లాప్లండు యుద్ధమును తుడిచివేసినట్లగును. జర్మనులకు ఎదురుగ నిలిపినచో 1941 నుండి 1944 వరకు జరిగినదానిని దాచినట్లగును. అసలు చేర్చకయే విడిచినచో బలవంతుల నడుమ చిక్కిన చిన్నదేశము ఏమి చేయగలదు, ఏమి చేయరాదు అను ఆ కాలపు కఠినప్రశ్నను విడిచినట్లగును. పక్షమును ప్రత్యేకముగ చేర్చుటయే యుక్తమని మేము భావించుచున్నాము. అయితే చేర్చుట యనగా నేమో ముందు నిర్ణయింపవలసియున్నది.

చేర్చుటలో రెండు రీతులు కలవు. వీనిని విశదీకరించుటకు పరదేశపు పరిభాష అక్కరలేదు. మన ఆటలే చాలును. చదరంగమున ఇరుపక్షములకు సమానమైన బలగము. తెల్లయేనుగునకును నల్లయేనుగునకును నడకలో భేదము లేదు. రంగులు మార్చినను ఆట మారదు. పులిజూదము అట్టిది కాదు. ఒకవైపు మూడు పులులు, వేరొకవైపు పదునైదు మేకలు. పులి మేకను దాటి చంపగలదు. మేక దేనిని చంపజాలదు. పులులకు గెలుపనగా మేకలను హరించుట. మేకలకు గెలుపనగా పులులకు కదలుటకు చోటు లేకుండ చేయుట. బలము వేరు, నడక వేరు, గెలుపునకు అర్థమే వేరు. దేవాలయమండపముల రాతిపలకలపై చెక్కియున్న ఆ గీతలను మనము కాలక్షేపచిహ్నములుగ మాత్రమే చూచుచున్నాము. విషమయుద్ధమును గూర్చి మన పల్లెప్రజలకు గల అవగాహన ఆ గీతలలో నిక్షిప్తమై యున్నది.

ఫిన్నిష్ సైనికులను చదరంగపు రీతిని చేర్చుట సులభము. జర్మను సైనికుని బొమ్మకు వేరొక దుస్తును తొడిగి, మంచుపై జారు కర్రలను ఇచ్చి, సిమో హైహా వంటి గురికాని నొకనిని నిలిపినచో పక్షము సిద్ధమగును. ఇది వేషము, పక్షము కాదు. శీతకాలయుద్ధమున ఫిన్నులు వాస్తవముగ ఎట్లు పోరాడిరో చూడుడు. సువొముస్సల్మి గ్రామమువద్దను, రాతె మార్గమునను 1939 డిసెంబరు నుండి 1940 జనవరి వరకు జరిగిన సమరములలో సోవియట్ సేనలు అడవి నడుమ ఇరుకుబాటపై బారులుదీరి చిక్కుకొనెను. ఫిన్నులు ఆ బారులను ముక్కలుముక్కలుగ ఖండించి, ఒక్కొక్క ముక్కను విడిగ చుట్టుముట్టిరి. శత్రువు విడిచిన ఫిరంగులను, వాహనములను, తుపాకులను తమవిగ చేసికొనిరి. కనుక ఫిన్నిష్ పక్షమును నిజముగ చేర్చిన క్రీడలో ఆయుధము కర్మాగారమునుండి మాత్రమే కాక శత్రువునుండియు రావలెను. బలము సంఖ్యయందు కాక బాటలయందు ఉండవలెను. గెలుపు శత్రురాజధానిని పట్టుటయందు కాక తన రాజ్యము నిలుచుటయందు ఉండవలెను. అంతేకాదు, ఎవనితో చేయి కలిపితివో దాని ఋణము తరువాత తీర్పవలసివచ్చుటయు నియమములలో కనబడవలెను. ఇది పులిజూదపు రీతి.

2023 అక్టోబరులో హార్ట్స్ ఆఫ్ ఐరన్ అను ప్రసిద్ధక్రీడ నాల్గవకూర్పునకు వెలువడిన అనుబంధము ఫిన్లండునకు ప్రత్యేకమైన రాజకీయమార్గములను కల్పించెను. దేశమునకు దాని సొంత చిక్కులను సొంత నిర్ణయములుగ ఇచ్చు ప్రయత్నమది. ఆ మేరకు ప్రశంసార్హము.

చిహ్నముల విషయమును ఇచటనే ముచ్చటింపవలెను. ఫిన్నిష్ విమానములపై నీలపు స్వస్తికచిహ్నము 1918 నుండి ఉండెను. స్వీడను దేశపు ప్రభువొకడు బహూకరించిన విమానముపైనున్న గుర్తు అట్లు స్థిరపడినది. జర్మనీలో నాజీపక్షము ఆ చిహ్నమును స్వీకరించుట 1920లో. కనుక ఒకటి రెండవదాని అనుకరణము కాదు. అయినను 1941 పిమ్మట రెండును ఒకే యుద్ధరంగమున ఒకేవైపున ఎగిరినవి. క్రీడాకర్త ఆ చిహ్నమును తొలగించినచో చరిత్రలోపము. ఏ వివరణయు లేక నిలిపినచో అపార్థహేతువు. గ్రంథసంపాదకుడు పాఠాంతరమునకు అధోజ్ఞాపిక వ్రాయునట్లు క్రీడాకర్తయు వ్రాయవలెనని మా సూచన. మన శాఖలలో పరిష్కరణశాస్త్రము నేర్చిన విద్యార్థులకు ఈ పని క్రొత్తది కాదు.

ఇక మన సంగతికి వత్తము. ప్రపంచప్రసిద్ధమైన యుద్ధక్రీడలలో తెలుగువారికి గల స్థానమేమి? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అను క్రీడ రెండవకూర్పు 1999లో వెలువడినప్పుడు అందు భారతీయులు లేరు. 2013లో వెలువడిన అనుబంధమున భారతీయులు అను ఒకే పక్షము చేరెను. 2022 ఏప్రిలులో వెలువడిన మరియొక అనుబంధమున ఆ ఒక్క పక్షము విభజింపబడి హిందుస్థానీలు, వంగీయులు, గుర్జరులు, ద్రావిడులు అను నాలుగు పక్షములు ఏర్పడెను. కథాభాగములు బాబరు, రాజేంద్రచోళుడు, దేవపాలుడు అను మువ్వురికి కల్పింపబడినవి. తెలుగువారు, కన్నడిగులు, తమిళులు, మలయాళులు అందరును ద్రావిడులను ఒకే ఛత్రముక్రిందికి వచ్చిరి.

ఒక్కటిగ నున్నదానిని నాలుగుగ విడదీయుట మెచ్చదగినదే. అయినను ఆ ద్రావిడపక్షమునకు ఇచ్చిన ప్రధానగుణములలో ఒకటి నౌకాబలము. చోళులకు అది మిక్కిలి తగును. కాకతీయులకు అది తగునా? గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనమిచ్చినమాట నిజమే. కాని ఓరుగల్లు బలము ఓడలయందు లేదు. అది మట్టికోట, రాతికోట, అగడ్తలు, వానిచుట్టు చెరువులతో నిలిచిన మెట్టభూముల రాజ్యము. ఢిల్లీసేనలు 1303 నుండి 1323 వరకు పలుమార్లు దండెత్తివచ్చుటయు, ఎట్టకేలకు ప్రతాపరుద్రుడు బందీయగుటయు ఆ రాజ్యపు యుద్ధకథ. చెరువుచేతను కోటచేతను నిలుచు పక్షమునకు ఓడలనిచ్చి తృప్తిపడుమనుట ఔచిత్యభంగము.

అంతకంటె గుర్తింపదగిన చమత్కార మొకటి కలదు. ద్రావిడ మను పదమును భాషాకుటుంబపరముగ స్థిరపరచినది 1856లో వెలువడిన కాల్డ్వెల్ వ్యాకరణము. ఆ కుటుంబమున చేరినవి నాలుగు సాహిత్యభాషలు మాత్రమే కావు. అరకు ప్రాంతపు కొండలలో వినవచ్చు కొండ లేక కూబి భాషయు, ఖోందుల కువి భాషయు ద్రావిడభాషలే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కొండభాషపై రచించిన వర్ణనగ్రంథము 1969లో హైదరాబాదు నుండి వెలువడిన సంగతి మన విద్యార్థులకు విదితమే. పాడేరు నుండి అరకునకు పోవు బాటలోనున్న హుకుంపేట మండలమున బగతలు, కొండదొరలు, వాల్మీకులు, ఖోందులు, కోటియాలు మొదలైనవారు నివసించుచున్నారు. వీరి సంతలలో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియాయు వినబడును. అది ద్రావిడభాషయే కాదు. భాషాశాస్త్రముచేత ద్రావిడులైనవారు క్రీడలోని ద్రావిడపక్షమున లేరు. వారి ఇరుగుపొరుగువారు ఆ పేరిటి కుటుంబముననే లేరు. పెద్ద పేరొకటి పెట్టి చిన్నవారినందరిని అందు చేర్చితిమని తలంచుట ఎంత అనర్థకమో ఈ యొక్క మండలము చాటుచున్నది.

పరదేశపు క్రీడాకర్తలను నిందించుటకు ముందు మన వాఙ్మయమును పరికింపవలెను. చిన్నపక్షమునకు స్థానమిచ్చుటలో మనకు ఒక గొప్ప సంప్రదాయము లేకపోలేదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలియుద్ధమున పక్షములు మూడు: బుస్సీ నాయకత్వమునగల ఫ్రెంచివారు, విజయనగరపు పూసపాటి విజయరామరాజు, బొబ్బిలి వెలమదొరలు. బలములో బొబ్బిలి అన్నిటికంటె చిన్నది. కోట ఆనాడే పడినది. అయినను జానపదగాయకుడు బొబ్బిలివైపున నిలిచి కథ చెప్పెను. గెలిచినవాని డేరాలోనికి తాండ్ర పాపారాయుడు ప్రవేశించుటతో కథ ముగియును. షేక్ నాజరు వంటి బుర్రకథకులు పల్నాటి కథనువలెనే ఈ కథను ఊరూర వినిపించిరి. 1964లో ఇది చలనచిత్రమయ్యెను. గెలుపునకు వేరొక అర్థమున్నదని మన జానపదులు ఎరుగుదురు. బొబ్బిలిని ఎవరును విజయనగరమునకు అనుచరపక్షముగ చూపలేదు, ఫ్రెంచివారికి అడ్డమువచ్చిన గుంపుగను చూపలేదు. దానికి నాయకుడు, కోట, పౌరుషము, స్త్రీజనము, శోకము అన్నియు గలవు. సమగ్రమైన పక్షమనగా అది.

ఇదే మర్యాద మన్యపుపోరాటమున కొండప్రజలకు దక్కినదా? 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో ఆరంభమైన ఆ పోరాటము మరునాడు కృష్ణదేవిపేటకును, ఆపై రాజవొమ్మంగికిని వ్యాపించెను. 1924 మే 7న కొయ్యూరువద్ద అల్లూరి సీతారామరాజు కాల్చిచంపబడుటతో దాని ప్రధానఘట్టము ముగిసెను. ఈ కథ బుర్రకథలుగ, నాటకములుగ, 1974లో మిక్కిలి ప్రజాదరణ పొందిన చలనచిత్రముగ మనయెదుట నున్నది. అన్నిటను సాధారణముగ కానవచ్చు పక్షవిభాగము రెండే: ఒకవైపు ఆంగ్లప్రభుత్వము, వేరొకవైపు రాజు. కొండప్రజలు రాజుపక్షమున సేనగ నుందురు. నాయకుని మహిమను తగ్గించుట మా ఉద్దేశము కాదు. నాయకుడు గొప్పవాడైనంతమాత్రమున వెంటనున్నవారు పక్షము కాకపోవలెనను నియమము లేదని మాత్రమే మా వాదము.

ఆ పోరాటమునకు మూలకారణములను చూడుడు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము, పోడువ్యవసాయముపై నిర్బంధములు, మన్యపు బాటల నిర్మాణమున వెట్టిచాకిరి, గూడెము తహశీల్దారు బాస్టియను దౌర్జన్యము, ముఠాదారుల అధికారహరణము. ఇవి కొండవారి బాధలు. రాజు రాకపూర్వమునుండి ఉన్నవి. 1879లో రంపదేశమున చెలరేగిన తిరుగుబాటు ఈ బాధలకు పూర్వరంగము. గాం గంటందొర బట్టిపనుకుల మునసబుగ నుండి పదవినుండి తొలగింపబడినవాడు. అతని తగవు అతనిదే. అతని సోదరుడు మల్లుదొర పట్టుబడి, అండమానులో శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యానంతరము 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. రాజు మరణానంతరమును గంటందొర కొన్నివారములు పోరాడి నేలకొరిగెను. నాయకుడు పడిన పిమ్మటను పోరాడినవారిని నాయకుని నీడగ వర్ణించుట ఎట్లు పొసగును?

ప్రభుత్వపక్షమును ఏకముగ చిత్రించుటయు సరికాదు. స్థానికపోలీసులు, మలబారు ప్రత్యేకపోలీసులు, చివరకు అస్సాం రైఫిల్సు దళములు ఆ పక్షమున పనిచేసినవి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన ఘట్టము ప్రసిద్ధము. బారులుదీరి వచ్చు సేనలో ముందు నడుచు భారతీయసైనికులను పోనిచ్చి, వెనుకవచ్చు ఆంగ్లాధికారులైన స్కాట్ కవర్డు, హైటరులను మాత్రము పొదలచాటునుండి కాల్చిచంపిరి. ఇరుకుబాట, పొడవైన బారు, అడవిని ఎరిగినవారి మాటు: రాతె మార్గమును తలపునకు తెచ్చు దృశ్యమిది. కాని భేదమును గుర్తింపవలెను. ఇచట ఎవరిని చంపవలెనో ఎవరిని చంపరాదో అను విచక్షణ యుద్ధనీతిలో భాగము. పడిన శవములనుబట్టి లెక్కగట్టు క్రీడలో ఈ విచక్షణకు విలువలేదు. పోనిచ్చిన ప్రతి సైనికుడును ఆడువాని తప్పిదముగ పరిగణింపబడును. దామనపల్లిని న్యాయముగ చూపవలెనన్న, పోనిచ్చుటయే గెలుపులో భాగమగునట్లు నియమము మారవలెను.

వేషమునకును పక్షమునకును గల భేదము ఇచటను కనిపించును. రాజును, అతని వారిని విల్లంబులతో చూపుట మన శిల్పులకు, చిత్రకారులకు పరిపాటి అయ్యెను. మన్యమున విల్లంబులుండెననుటలో సందేహము లేదు. కాని మొదటి మూడు దినములలో మూడు ఠాణాలపై దాడిచేసినది తుపాకులకొఱకు; కొన్న వస్తువునకు రసీదు వ్రాసినట్లు, తీసికొన్న ఆయుధముల పట్టిక వ్రాసి సంతకముచేసి పోవుట ఆ దాడుల ప్రత్యేకత. శత్రువు ఆయుధాగారమే తమ ఆయుధాగారమని, అది దొంగతనము కాదని చాటుటకు వారు ఎన్నుకొన్న రీతి అది. విల్లంబులు మాత్రమే చూపినచో ఆ యుక్తియు, ఆ ధిక్కారమును మాసిపోవును. మంచుకర్రలపై జారు గురికాడు ఫిన్నులకెట్లో, విల్లుపట్టిన వనచరుడు మన్యమునకట్లు. రెండును అబద్ధములు కావు, అసంపూర్ణసత్యములు. అసంపూర్ణసత్యము పదేపదే చిత్రింపబడి చూపరికి సంపూర్ణముగ తోచుటయే ప్రమాదము.

ఈ సందర్భమున హుకుంపేటవంటి ప్రాంతముల ప్రసక్తి ముఖ్యము. 1922-24 నాటి ప్రసిద్ధఘట్టములన్నియు చింతపల్లి, కృష్ణదేవిపేట, అడ్డతీగల, కొయ్యూరు వైపునవి. వానికి ఉత్తరముననున్న కొండలలోని ప్రజలకు అటవీనిర్బంధములు, వెట్టి, ముఠాదారీ వ్యవస్థ కొత్తవి కావు. ఆ ముఠాదారీ 1969 నాటి నిబంధనచే రద్దగువరకు మన్యమున నిలిచినది. రణరంగము కానిచోట నున్నవాడు పక్షము కాకపోవునా? సేనలు నడచుటకు బాట వేసినవాడు, మూటలు మోసినవాడు, బియ్యము ఇచ్చినవాడు, ఇవ్వనని తలుపు మూసినవాడు, దారి చూపినవాడు, తప్పుదారి చూపినవాడు: వీరందరి నిర్ణయములచేతనే ఆ పోరాటము రెండు సంవత్సరములు సాగినది. యుద్ధక్రీడలలో వీరు భూమిగుణములవలె, కొండగనో వాగుగనో భావింపబడుదురు. కొండలలో నివసించువానిని కొండగనే లెక్కించు ఈ దోషము క్రీడాకర్తలకు మాత్రమే పరిమితము కాదు. మన చారిత్రకనవలలలోను, పాఠ్యగ్రంథములలోను కలదు. 2022 ఏప్రిలు 4న పాడేరు కేంద్రముగ ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుట సముచితమే. ఆ జిల్లా బడులలో చదువు బాలబాలికలు పోరాటకథలో తమ ముత్తాతలను వెదకినప్పుడు వారికి పేర్లు దొరకవలెను.

రాదగిన ఆక్షేపణములు మూడు. మొదటిది, క్రీడ వినోదము, దానిపై ఇంత భారము మోపరాదనుట. పల్నాటికథయు, బొబ్బిలికథయు తిరునాళ్ల వినోదములే. వినోదముగ వచ్చినది కనుకనే అవి శాసనములకంటె గాఢముగ ప్రజాహృదయమున నాటుకొనినవి. నేటి విద్యార్థి కాకతీయులను ఎరుగుట ముందు క్రీడలోనో, ముందు పుస్తకములోనో మనము నిర్ణయింపజాలము.

రెండవ ఆక్షేపణము గంభీరమైనది. ఫిన్నులు జర్మనులతో చేయి కలిపినవారు. వారిని ఆడదగిన పక్షముగ చేసినచో ఆ చెలిమిని సమర్థించినట్లగునందురు. కవి రావణుని మాటలు వ్రాసినంత మాత్రమున రావణపక్షపాతి కాడు. చేర్చుట సమర్థించుట కాదు. కాని సగము చేర్చుట సమర్థించుటయే. శీతకాలయుద్ధపు శౌర్యమును మాత్రము చూపి తూర్పు కారేలియా శిబిరములను విడిచిన క్రీడ ఫిన్నులకు గౌరవము చేసినది కాదు, వారి చరిత్రను భూషణముగ మాత్రమే వాడుకొన్నది. మన్యమునకును ఇదే సూత్రము. ముఠాదారులలో తిరుగుబాటునకు తోడ్పడినవారును, ప్రభుత్వమునకు తోడ్పడినవారును కలరు. కొండవారందరును ఒకే మనస్సుతో లేచిరనుట స్తుతి, చరిత్ర కాదు. తమలో తాము విభేదించు స్వాతంత్ర్యము ప్రధానపక్షములకు ఇచ్చి చిన్నపక్షమునకు ఇవ్వకుండుట మరియొక విధమైన చిన్నచూపు.

మూడవది, ఆదివాసుల బాధను ఆటవస్తువుగ చేయరాదనుట. ఇందలి సున్నితత్వమును మేము గౌరవించుచున్నాము. కాని ఈ వాదము ఆచరణలో ఎచటికి దారితీయునో చూడవలెను. రాజుల యుద్ధములు ఆటలగును, కథలగును, చిత్రములగును. కొండవారి యుద్ధము మాత్రము మౌనముగ నుండును. బాధపట్ల గౌరవము మౌనముచేత సిద్ధింపదు. చిత్రించువాడు ఎవరిని అడిగి, ఎవరి భాషను విని, ఎవరి కథలను ఆధారము చేసికొని చిత్రించెనను దానిచేత సిద్ధించును. మన్యపుపోరాటమును క్రీడగనో నవలగనో రూపొందించు రచయిత ప్రభుత్వపు నివేదికలతోపాటు కొండగ్రామముల వృద్ధుల నోటిమాటలను గూడ విని తీరవలెను. ఆ పాత్రలు మాటాడుభాష కోస్తాతెలుగు మాత్రమే కాకుండ చూడవలెను.

పై విచారమునుబట్టి అల్పపక్షచిత్రణమును పరీక్షించుటకు నాలుగు ప్రశ్నలు చాలునని తోచుచున్నది. ఆ పక్షమునకు సొంతమైన గెలుపు కలదా, లేక ఇతరుల గెలుపులో వాటా మాత్రమేనా? దాని బలము అది వాస్తవముగ పోరాడిన రీతినుండి పుట్టినదా, లేక వేషమునుండి పుట్టినదా? దాని తప్పిదములును, అంతర్విభేదములును చూపబడినవా? దానిని పిలుచు పేరు ఆ ప్రజలు తమ్ము పిలుచుకొను పేరునకు ఎంత సమీపమున నున్నది? ఫిన్నిష్ పక్షమును చేర్చిన క్రీడను ఈ ప్రశ్నలతో పరీక్షింపవచ్చును, ద్రావిడపక్షమును పరీక్షింపవచ్చును, మన చారిత్రకనవలలను, బుర్రకథలను, చలనచిత్రములను పరీక్షింపవచ్చును. బొబ్బిలికథ మొదటి ప్రశ్నలో సులభముగ నెగ్గును. మన్యపుకథలలో పెక్కు మొదటిదానియందే తడబడును.

మా శాఖలలో పరిశోధనకు విషయములు కరువైనవని తరచు వినబడుచుండును. గాం గంటందొర, మల్లుదొరలు వివిధ ప్రక్రియలలో ఎట్లు చిత్రింపబడిరి, వారి నోట కవులు ఏ భాషను పలికించిరి, నాయకుడు లేని ఘట్టములలో వారికి ఎన్ని మాటలు దక్కినవి అను విషయమొకటి చాలును ఒక పరిశోధకుని మూడు సంవత్సరములకు. ఆ పని విశాఖపట్టణపు గ్రంథాలయమున ఆరంభమైనను, పాడేరు దాటి హుకుంపేట సంతవరకు పోయి ముగియవలెను.